కాలువ వంపు, లారీ మలుపు: రావులపాలెం దారులు మారిన తీరు

ధవళేశ్వరం దాటగానే గోదావరి రెండుగా చీలి, తూర్పు పాయ గౌతమిగా, పడమటి పాయ వసిష్ఠగా సముద్రం వైపు సాగిపోతుంది. ఈ రెంటి నడుమ చిక్కిన ముక్కోణపు నేల కోనసీమ. ఆ ముక్కోణానికి పైకొసన, పాయలు రెండూ ఇంకా బాగా ఎడం కాకముందే, వాటి మధ్య ఇరుకుగా మిగిలిన మెడలాంటి భాగంలో రావులపాలెం ఉంది. ఈ ఊరికి ఉత్తరాన గౌతమి దాటితే జొన్నాడ, నైరుతిన వసిష్ఠ దాటితే పశ్చిమ గోదావరిలోని సిద్ధాంతం. ఒక నదిని దాటి కొద్ది కిలోమీటర్లు పోకముందే మరో నదిని దాటవలసిన ఈ స్థలాన్ని కోనసీమకు ముఖద్వారమని పిలవడం జిల్లా వాసులకు అలవాటు. అయితే దీన్ని ద్వారంగా మార్చినవి వంతెనలే. అంతకు ముందు ఇది నది అడ్డుపడిన దీవికి ఒక కొన మాత్రమే. ఇక్కడి దారుల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది: ఈ ప్రాంతంలో రోడ్డు తన గీతను తాను గీసుకున్న సందర్భాలు చాలా తక్కువ. నీటి కోసం, పడవ కోసం, వరద కోసం గీసిన గీతల మీదే బండి నడిచింది, ఆ తరవాత బస్సు నడిచింది, చివరికి లారీ వచ్చి ఆ గీతల్లో ఇమడక ఇబ్బందిపడింది. రోడ్డు అలైన్‌మెంటును, అంటే నేల మీద దాని మధ్యగీత పోయే తోవను, మార్చవలసిన అవసరం ఇక్కడ తలెత్తినప్పుడల్లా అది నీటి గీత నుంచి రోడ్డును విడదీసే ప్రయత్నంగానే సాగింది.

ఆ నీటి గీతకు మొదలు సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆ కట్టడం ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదిని అడ్డగించి, తూర్పు, మధ్య, పడమటి డెల్టాలకు మూడు చోట్ల నుంచి నీరు విడుదల చేసింది. మధ్య డెల్టాకు నీరందించే తల స్లూయిజు, అంటే కాలువలోకి నీటిని కొలతగా వదిలే తూములున్న కట్టడం, బొబ్బర్లంక దగ్గర ఉంది. అక్కడి నుంచి బయల్దేరిన ప్రధాన కాలువ ఆత్రేయపురం వైపుగా సాగి, లొల్ల దగ్గర లాకులు దాటి, పాయలుగా విడిపోయి, సుమారు 2 లక్షల ఎకరాల మధ్య డెల్టా ఆయకట్టుకు నీరు పంచుతుంది. డెల్టా నేలకు ఒక గుణం ఉంది. వరద వచ్చినప్పుడల్లా నది తన ఒడ్డునే బరువైన ఒండ్రును ముందుగా దించిపోతుంది కాబట్టి, పాయకు దగ్గరగా ఉన్న నేల మెరకగా, దూరంగా ఉన్న నేల పల్లంగా ఏర్పడుతుంది. రెండు వైపుల పొలాలకూ నీరు దానంతటదే పారాలంటే కాలువ ఆ మెరక వెన్ను మీదనే పోవాలి. ఆ వెన్ను ఎటు తిరిగితే కాలువ కూడా అటే తిరగాలి. అందువల్ల డెల్టా కాలువల వంపులు కొలత తప్పినందువల్ల వచ్చినవి కావు. నీటి వాలును మైలుకు అంగుళాల లెక్కన కాపాడుకుంటూ నేల చెప్పినట్టు నడిచిన ఇంజినీర్ల నేర్పు వాటిలో ఉంది.

పొలాలకు నీరివ్వడంతో ఆ కాలువల పని తీరిపోలేదు. గోదావరి డెల్టాలో దాదాపు 500 మైళ్ల మేర కాలువల్లో పడవలు తిరిగేవి. ధాన్యం, కొబ్బరి, బెల్లం, కలప, మనుషులు, అన్నీ నీటి మీదనే పోయేవి. నీటి మట్టం ఒక చోట నుంచి మరో చోటికి దిగవలసిన ప్రతిచోటా లాకు కట్టారు. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న ఇటుక లేదా రాతి గది; పడవ లోపలికి రాగానే ఒక తలుపు మూసి, నీటిని నింపో, వదిలో పడవను పైకో కిందికో చేర్చి, రెండో తలుపు తెరుస్తారు. సినిమాల వాళ్లకు ఇష్టమైన లొల్ల లాకులు ఆనాటి రవాణా వ్యవస్థలో కూడళ్ల వంటివి. గాలి అనుకూలించనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టున నడుస్తూ లాగేవారు. ఆ నడకకు గట్టు మీద ఒక బాట కావలసివచ్చింది. కాలువ గట్లను తనిఖీ చేసే ఇంజినీర్లకు, తూములు చూసుకునే లస్కర్లకు కూడా అదే బాట ఉపయోగపడింది. తరవాతి కాలంలో కంకర పోసి, ఆపై తారు వేసి రోడ్డుగా మార్చిన బాటల్లో చాలా వాటికి మూలం ఈ కాలినడక దారే.

మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామీణ రోడ్ల బాధ్యత 1871 నాటి స్థానిక నిధుల చట్టం తరవాత స్థానిక సంస్థలకు చేరింది. 1884 చట్టంతో తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు ఏర్పడ్డాయి. వాటి ఆదాయం కొద్దిపాటిది. డెల్టాలో రోడ్డు వేయాలంటే వరి పొలాన్ని కొనాలి, తడినేల మీద ఎత్తుగా మట్టి పోయాలి, అడుగడుగునా బోదెలకూ మురుగు కాలువలకూ కల్వర్టులు కట్టాలి. కాలువ గట్టు మీద ఇవేవీ అక్కర్లేదు: నేల ప్రభుత్వానిదే, ఎత్తు ముందే ఉంది, వరి చేలు ఇరువైపులా కిందనే ఉంటాయి కాబట్టి వానాకాలంలో కూడా దారి పూర్తిగా మునగదు. ఖర్చు తక్కువలో రోడ్డు వేయవలసిన బోర్డులకు గట్టు కంటే అనుకూలమైన చోటు మరొకటి లేదు. ఆనాటి నిర్ణయాన్ని ఈనాటి కష్టాలు చూసి తప్పుబట్టడం న్యాయం కాదు. రెండెడ్ల బండికి, గుర్రపు జట్కాకు, సైకిలుకు ఆ వంపులు అడ్డమే కాదు. బొబ్బర్లంక నుంచి రావులపాలెం వచ్చే దారి నేటికీ కాలువ గట్టు రోడ్డుగానే ప్రసిద్ధి. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం పోయే దారి కూడా చాలా చోట్ల కాలువను ఆనుకొనే నడుస్తుంది.

వంపు ఎప్పుడు ప్రమాదంగా మారుతుందో లెక్కలో చూడవచ్చు. మలుపులో పోతున్న వాహనాన్ని బయటికి నెట్టే బలం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. కాబట్టి వేగం రెట్టింపైతే సురక్షితంగా తిరగడానికి కావలసిన వ్యాసార్థం నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కలను దేశమంతటికీ ఒకే ప్రమాణంగా కూర్చినది 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. దాని ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో గంటకు 40 కిలోమీటర్ల వేగానికి సుమారు 60 మీటర్ల వ్యాసార్థపు మలుపు చాలు, 80 కిలోమీటర్లకు 230 మీటర్లు కావాలి, 100 కిలోమీటర్లకు 360 మీటర్లు కావాలి. మలుపులో రోడ్డు బయటి అంచును కొంచెం ఎత్తు చేసి లోపలికి వాల్చడాన్ని సూపర్ ఎలివేషన్ అంటారు. దానికి మైదానంలో 7 శాతం పరిమితి ఉంది. ఎందుకంటే నెమ్మదిగా పోయే ఎత్తయిన లోడు బండి ఆ వాలులో లోపలి వైపు ఒరిగిపోయే ప్రమాదముంది. మూడో అంశం చూపు దూరం. డ్రైవరు అడ్డంకిని చూసి, బ్రేకు వేసి, బండి ఆగేలోపు ఎంత దూరం పోతుందో అంత మేర ముందున్న రోడ్డు కనబడాలి. 80 కిలోమీటర్ల వేగానికి అది 120 మీటర్లు. కాలువ గట్టు మీద లోపలి వంపున కొబ్బరి చెట్లు, ఇళ్ల గోడలు, అరటి తోటలు రోడ్డు అంచు దాకా వచ్చి ఉంటాయి కాబట్టి ఆ చూపు దూరం చాలా చోట్ల దొరకదు. బయటి వంపున నీరు ఉంటుంది. డెల్టాలో వాహనం కాలువలోకి దూసుకుపోయిందన్న వార్త తరచుగా వినబడడానికి కారణం డ్రైవర్ల అజాగ్రత్త ఒక్కటే కాదు. పడవ వేగానికి గీసిన గీత మీద మోటారు వేగంతో పోవలసి రావడం కూడా.

పొడుగాటి లారీతో మరో చిక్కు ఉంది. మలుపులో దాని వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకుపోతాయి. అందుకే తీవ్రమైన మలుపుల్లో రోడ్డును అదనంగా వెడల్పు చేయాలని ప్రమాణాలు చెబుతాయి. 60 నుంచి 100 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో రెండు వరుసల రోడ్డుకు 0.9 మీటరు కలపాలి, 300 మీటర్లు దాటితే కలపనక్కర్లేదు. కాలువను లాకు వంతెన మీదుగా దాటే చోట్ల ఈ లెక్క మరీ కఠినంగా కనిపిస్తుంది. లాకు గదిని లంబంగా దాటేలా సన్నని వంతెన కట్టడం ఆనాటి పద్ధతి. గట్టు వెంట వచ్చిన బండి ఒక్కసారిగా పక్కకు తిరిగి వంతెన ఎక్కి, దిగగానే మళ్లీ తిరగాలి. ఎడ్లబండి ఈ రెండు మలుపులను శ్రమ లేకుండా తీసుకుంటుంది. పది చక్రాల లారీ ఎదురు వాహనాన్ని ఆపకుండా తీసుకోలేదు.

ఊరి చుట్టూ ఉన్న దారులు ఇలా ఉండగా, దేశపు పెద్దదారి రావులపాలేనికి ఆలస్యంగా వచ్చింది. మద్రాసు నుంచి కలకత్తా వైపు పోయే పాత ట్రంకు దారి ఏలూరు దాటి కొవ్వూరు వైపు వచ్చి, అక్కడి రేవులో గోదావరిని దాటి రాజమహేంద్రవరం చేరేది. రైలు కూడా ఆ చోటునే ఎంచుకుంది. హేవలాక్ వంతెన మీద 1900 నాటికి రైళ్లు నడిచాయి. కాని అది రైలుకు మాత్రమే పనికివచ్చే వంతెన. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో మోటారు రవాణా పెరిగి, రోడ్డుకు శాశ్వతమైన దాటు కావలసివచ్చినప్పుడు, నది ఒకే పెద్ద పాయగా ఉన్న చోట కాక, రెండుగా చీలిన తరవాత జొన్నాడ దగ్గర గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ మీద విడివిడిగా వంతెనలు లేచాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం, రాజమహేంద్రవరం వరుసలో ఐదో నెంబరు జాతీయ రహదారి స్థిరపడింది. కొవ్వూరు, రాజమహేంద్రవరాల మధ్య రైలూ రోడ్డూ కలిసిన వంతెన 1974లో వచ్చినా, ధవళేశ్వరం బ్యారేజీ మీద 1982 నాటికి మరో దారి ఏర్పడినా, దూరప్రయాణపు లారీల తోవ మాత్రం రావులపాలెం మీదుగానే సాగింది. రేవులో పంటు కోసం, అంటే బండ్లను కూడా ఎక్కించుకునే వెడల్పాటి బల్లకట్టు కోసం, ఎదురుచూసిన దీవికి ఒక్కసారిగా కలకత్తా, మద్రాసు రెండూ గుమ్మంలోకి వచ్చాయి.

ఈ మార్పు వల్ల ఎక్కువగా లాభపడిన పంట అరటి. గౌతమి, వసిష్ఠ లంకల ఒండ్రు నేల అరటికి అనువైనది. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, కూర అరటి బొంత, ఎర్ర చక్కెరకేళి, ఇవన్నీ రావులపాలెం మార్కెట్టు యార్డుకు గెలలుగా వస్తాయి. సైకిలుకు ఇరుపక్కలా గెలలు వేలాడదీసుకుని లంకల నుంచి వచ్చే రైతులను చూస్తే సైకిలు ఉన్నదో లేదో తెలియదు. అరటి వ్యాపారంలో కాలమే సరుకు. కోసిన గెల పండడం మొదలుపెట్టకముందే ఒడిశా, బీహార్, తమిళనాడు వంటి దూరప్రాంతాల మార్కెట్లకు చేరాలి. అందుకే పచ్చిగా కోసి, లారీలో ఆకులు పరచి, గెల మీద గెల పేర్చి, వీలైనంత వేగంగా పంపుతారు. నది దాటడానికి రేవులో పూట పట్టే కాలంలో ఈ వ్యాపారం ఇంత దూరానికి విస్తరించడం సాధ్యం కాదు. యార్డు హైవే మీదకు వచ్చి కూర్చోవడానికి కారణం కూడా అదే. కాని ఇందులో ఒక విచిత్రం దాగి ఉంది: యార్డు నుంచి ఒడిశాకు పోయే వందల కిలోమీటర్ల దారి వెడల్పు అవుతూ వచ్చింది; తోట నుంచి యార్డుకు వచ్చే పది కిలోమీటర్ల దారి మాత్రం గట్టు మీదనే ఉండిపోయింది.

ఆ పది కిలోమీటర్ల మీద భారం అరటితో ఆగలేదు. అంబాజీపేట కొబ్బరి, మిల్లుల బియ్యం, గోదావరి ఇసుక తోలే టిప్పర్లు, చేపల చెరువుల మేత, మందులు, ఇటుకలు, అన్నీ ఒకే దారిని పంచుకున్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ అన్వేషణ విస్తరించాక, డ్రిల్లింగు రిగ్గులు, పైపులు, సిమెంటు, మట్టి ద్రావణపు ట్యాంకర్లు మోసే బరువైన వాహనాలు కొబ్బరి తోటల నడుమ నుంచి పోసాగాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండినప్పుడు, మంటను అదుపు చేసే యంత్రాలన్నీ కోనసీమ పల్లె రోడ్ల మీదుగానే చేరవలసి వచ్చింది. దీవి దారుల ఇరుకు బయటి ప్రపంచానికి తెలిసిన సందర్భాల్లో అదొకటి.

బరువు విషయంలో సాధారణ పాఠకుడు ఊహించని ఒక నియమం ఉంది. అమెరికాలోని ఇల్లినాయిస్‌లో 1958-60 మధ్య జరిగిన ప్రసిద్ధమైన రోడ్డు పరీక్ష తేల్చినదేమిటంటే, ఇరుసు మోసే బరువు పెరిగితే రోడ్డుకు జరిగే హాని సుమారుగా ఆ బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే హాని పదహారు రెట్లన్న మాట. 2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెరుగుదల ఎనిమిదో వంతు మాత్రమే, కాని నాలుగో ఘాతం ప్రకారం ఆ ఇరుసు చేసే హాని సుమారు 60 శాతం పెరుగుతుంది. కార్లు, మోటారు సైకిళ్లు రోడ్డును అరగదీసేది దాదాపు శూన్యం. గట్టు రోడ్డుకు ఇంకో బలహీనత అదనం: ఒక పక్క ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు నిలిచి ఉంటుంది కాబట్టి కింది మట్టి తడిసి మెత్తబడుతుంది, కాలువ కట్టేసిన వేసవి నెలల్లో అదే మట్టి ఎండి, నీటి ఒత్తిడి తొలగిన గట్టు కాలువ వైపు జారుతుంది. తారు పైన ఎంత మందంగా పోసినా అడుగున జరిగేది మారదు.

రవాణా ఇంజినీర్లు రోడ్డు చాలుతుందో లేదో తేల్చడానికి వాహనాలన్నిటినీ కారు సమానాలుగా మార్చి లెక్కిస్తారు. 1990లో వెలువడిన ప్రమాణంలో ఎడ్లబండి ఎనిమిది కార్లతో సమానం. అది తీసుకునే చోటు కంటే, వెనకవాళ్ల చేత చేయించే ఆలస్యమే దాని విలువను నిర్ణయిస్తుంది. అదే ప్రమాణంలో మరో ఆసక్తికరమైన అంకె ఉంది. మైదానంలో వంపులు తక్కువున్న రెండు వరుసల రోడ్డు రోజుకు 15,000 కారు సమానాలను మోయగలిగితే, కిలోమీటరుకు మొత్తం మలుపు కోణం 50 డిగ్రీలు దాటిన వంకర రోడ్డు అదే వెడల్పుతో 12,500 మాత్రమే మోస్తుంది. అంటే వంపు ప్రమాదాన్నే కాక వెడల్పును కూడా తినేస్తుంది. ఇరుకైన రోడ్డును వెడల్పు చేయడానికి ముందు సరి చేయవలసినది దాని గీత అని చెప్పడానికి ఇంతకంటే సూటి ఆధారం అక్కర్లేదు. అయినా గ్రామీణ రోడ్ల విషయంలో జరిగేది సాధారణంగా దీనికి విరుద్ధం: గీత మార్చడానికి భూమి కావాలి, వెడల్పు చేయడానికి తారు చాలు.

హైవే విషయంలో మాత్రం డబ్బూ భూమీ రెండూ సమకూరాయి. 1999 జనవరిలో ప్రధాని వాజపేయి శంకుస్థాపన చేసిన స్వర్ణ చతుర్భుజి పథకం ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలుగా మార్చదలచింది. అందులో చెన్నై-కోల్‌కతా భుజం గోదావరి డెల్టాను అడ్డంగా కోసుకుపోయింది. గౌతమి, వసిష్ఠల మీద పాత రెండు వరుసల వంతెనల పక్కనే కొత్త వంతెనలు లేచి, ఒక్కో వంతెన ఒక్కో దిశకు కేటాయింపయింది. ఎదురెదురుగా వచ్చే లారీలు ఢీకొనే అవకాశం తగ్గింది. ఈతకోట దగ్గర టోల్ ప్లాజా వచ్చింది. 2010లో జాతీయ రహదారుల నెంబర్లు మార్చినప్పుడు ఐదు పదహారైంది, కాని ముసలి డ్రైవర్ల నోట అది ఇంకా ఐదో నెంబరు హైవేగానే ఉండిపోయింది.

డెల్టాలో ఎత్తయిన రోడ్డు కట్టడమంటే ఆనకట్ట కట్టడంతో సమానమని ఇంజినీర్లు అనుభవం మీద నేర్చుకున్నారు. కోనసీమ నేల వాలు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, నీటి నడక కూడా అదే. హైవే దాన్ని ఇంచుమించు అడ్డంగా దాటుతుంది. పాయల ఒడ్డున ఏటిగట్లు ఉన్నా, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు అవి అనేక చోట్ల తెగిపోయాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అంతటి నీరు లోపలికి వచ్చినప్పుడు బయటికి పోయే దారి రోడ్డు కింద తగినంత లేకపోతే ఊళ్లు రోజుల తరబడి మునిగి ఉంటాయి. రోడ్డు ఎత్తు ఎంతో, దాని కింద కల్వర్టుల వెడల్పు ఎంతో అనే రెండు ప్రశ్నలు అందుకే విడదీయరానివి. నాలుగు వరుసల రోడ్డు మరో విధంగా కూడా అడ్డుగోడ అయింది. మధ్యలో డివైడరు పడడంతో, ఇంతకు ముందు ఇటు నుంచి అటు నేరుగా పొలానికి పోయిన రైతు ఇప్పుడు అండర్‌పాస్ దాకా నడవాలి, లేదా అండర్‌పాస్ దాకా వెళ్లే ఓపిక లేక తప్పు దిశలో సర్వీసు రోడ్డు పట్టాలి. సర్వీసు రోడ్డు అంటే హైవే పక్కన ఊరి వాహనాల కోసం వేసిన చిన్న దారి. దూరపు లారీకి దక్కిన భద్రతలో కొంత దగ్గరి సైకిలు నుంచి తీసుకున్నదే.

పెద్దదారికి ఆ తరవాతి మళ్లింపు రావులపాలెంలో కాక, రావులపాలేనికి దూరంగా జరిగింది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద నాలుగో వంతెన 2015 పుష్కరాల నాటికి సిద్ధమైంది. జిల్లాలో అందరూ దాన్ని గామన్ బ్రిడ్జి అంటారు. ఏలూరు, గుండుగొలను, కొవ్వూరు ఊళ్ల పేర్ల మొదటి అక్షరాలతో ఈజీకే రోడ్డుగా పిలిచే పాత దారి ఉన్న ప్రాంతంలో, దేవరపల్లి మీదుగా సుమారు 70 కిలోమీటర్ల నాలుగు వరుసల కొత్త రహదారి ఆ తరవాత పూర్తయి, పదహారో నెంబరు ఆ గీత మీదకు మారింది. విజయవాడ-విశాఖ లారీలకు తణుకు, రావులపాలెం చుట్టు తప్పింది. రావులపాలెం మీదుగా పోయే పాత రోడ్డు 216ఏ నెంబరు జాతీయ రహదారిగా మిగిలింది. దీన్ని ఒక కొత్త ఆలోచనగా చూడడం కంటే, ట్రంకు దారి కొవ్వూరు రేవుకు తిరిగి వెళ్లిందని చెప్పడం సరిగ్గా ఉంటుంది. పడవ రేవు ఉన్న చోట శతాబ్దం కిందట రైలు దాటింది, అర్ధశతాబ్దం కిందట రైలూ రోడ్డూ కలిసి దాటాయి, ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు దాటుతోంది. రావులపాలెం ఆ దారికి కొన్ని దశాబ్దాల మజిలీ.

మజిలీ పోయినా లారీలు పోలేదు. దూరంగా దాటిపోయే లారీ తగ్గినకొద్దీ, ఈ నేలలోనే పుట్టి ఈ నేలకే వచ్చే లారీ స్పష్టంగా కనబడుతుంది: అరటి లోడు, కొబ్బరి లోడు, ఇసుక, బియ్యం, రొయ్యలు. దాని దారి కాలువ గట్టు మీదనే. ఆ గట్టు రోడ్డును సురక్షితం చేయడానికి ఇంజినీర్ల దగ్గర ఉన్న మార్గాలు కొన్నే. కాలువ పక్కన రక్షణ గోడ కట్టడం సులభమైనది, కాని అది ఉన్న వెడల్పులో అడుగో అడుగున్నరో మింగేస్తుంది. కాలువలోకి రాతి గోడ దించి రోడ్డును నీటి వైపు జరపడం మరొకటి. అలా చేస్తే కాలువ ఇరుకై పారుదల తగ్గుతుంది కాబట్టి నీటిపారుదల శాఖ అభ్యంతరం చెబుతుంది. మూడోది, కష్టమైనది, వంపు దగ్గర రోడ్డును గట్టు నుంచి కిందికి దించి, కొబ్బరి తోట మీదుగా నేరుగా సాగనిచ్చి, వంపు ముగిశాక మళ్లీ కలపడం. లాకుల దగ్గర పాత వంతెనను అలాగే ఉంచి, కొంచెం ఎగువనో దిగువనో కాలువను ఏటవాలుగా దాటే వెడల్పాటి కొత్త వంతెన కట్టడం కూడా ఇదే కోవలోనిది. ఇలా దాటితే రెండు మెలికలు ఒక సాఫీ గీతగా మారతాయి.

ఈ మూడో మార్గానికి అడ్డు వచ్చేది భూమి ధర. జాతీయ రహదారుల చట్టం కింద అయితే ప్రభుత్వం ముందుగా భూమి తీసుకునే ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది, అభ్యంతరాలకు 21 రోజుల గడువిస్తుంది, విని తీర్మానించాక భూమి తనదైందని ప్రకటిస్తుంది, ఆపైన పరిహారం తేలుతుంది. 2015 నుంచి ఆ పరిహారం 2013 భూసేకరణ చట్టం కొలతలనే అనుసరిస్తోంది. రాష్ట్ర రోడ్డయితే నేరుగా 2013 చట్టమే. కాని కోనసీమలో ఎకరం పొలం ఒక్క పొలం కాదు. నేల, నేల మీద కొబ్బరి చెట్లు, చెట్ల నీడలో కోకో మొక్కలు, నడుమ అరటి పిలకలు, అంచున ఇంటి స్థలం, వేర్వేరుగా లెక్కకు వస్తాయి. ఒక కొబ్బరి చెట్టు ఎన్నేళ్లు కాస్తుందో, కోల్పోయిన కాపు ఎంతో తేల్చడం నేల ధర తేల్చినంత సులువు కాదు. సొంత నేల కోల్పోయేవారికి ఇంత పరిహారముండగా, గట్టు మీద తరాలుగా గుడిసె వేసుకుని ఉన్నవారికి పట్టా ఉండదు కాబట్టి చట్టంలో వారి చోటు ఎప్పుడూ చర్చనీయమే. గీత నేరుగా పోతే వారి ఇళ్లు మిగులుతాయి, రైతు తోట పోతుంది. గట్టు మీదే వెడల్పు చేస్తే తోట మిగులుతుంది, వారి ఇళ్లు పోతాయి. రోడ్డు మలుపు ఎక్కడ తిప్పాలన్న ప్రశ్న ఇంజినీరు బల్ల మీద వ్యాసార్థంగా మొదలై ఊళ్లో ఇలా ముగుస్తుంది.

అలాంటి ప్రతి కొలత ముందూ సర్వేయరు రెండు పటాలు పక్కపక్కన పరచవలసి ఉంటుంది. ఒకటి రెవిన్యూ శాఖ వారి ఎఫ్‌ఎంబీ, అంటే ఊరి సర్వే నెంబర్ల హద్దులను గీతల కొలతలతో చూపే పుస్తకం; రెండోది నీటిపారుదల శాఖ దగ్గరుండే కాలువ పటం, అందులో గట్టు అడుగు వెడల్పు, పై వెడల్పు, వాలు అన్నీ కాలువ తవ్విన నాటి లెక్కలతో ఉంటాయి. ఒక శాఖకు పోరంబోకు అయిన నేల మరో శాఖకు గట్టు, ఇంకో శాఖకు రోడ్డు మార్జిను. హద్దురాళ్లు చాలా చోట్ల తారు కిందనో, ఇళ్ల పునాదుల్లోనో ఉండిపోయాయి. కొలత గొలుసు ఎక్కడి నుంచి మొదలు పెట్టాలో తేలనప్పుడు సర్వేయర్లు చూపు సారించేది లాకు గోడ వైపు. పడవలు పోయి చాలా కాలమైనా, రెండు పటాల్లోనూ ఒకే చోట ఉన్న గుర్తు అదొక్కటే.